జాబితాలో లేని సైజు

నాలుగో అంతస్తుకు చేరేసరికి డిటెక్టివ్ కుడి మోకాలు మొరాయించింది. లిఫ్టు తలుపు మీద "మరమ్మతులో ఉంది" అన్న కాగితం అంటించి ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి. అంటే లిఫ్టు చెడిపోయి చాలా రోజులైంది. ఆయన గోడకు చేరగిలబడి వాచీ చూసుకున్నాడు. పన్నెండూ నలభై. కింది గేటు నుంచి ఇక్కడికి, రెండుచోట్ల ఆగుతూ వస్తే, ఆరు నిమిషాలు పట్టింది.

ఈ కేసు ఒప్పుకోకుండా ఉండాల్సింది. మెట్ల మీద నుంచి జారిపడిన మనుషుల కేసులు ఆయన పోలీసు సర్వీసులో ఎన్నో చూశాడు. వాటిలో నూటికి తొంభై నిజంగా జారిపడ్డవే. కానీ మొన్న వచ్చిన ఆవిడ, బట్టలు కుట్టుకుని బతికే మనిషి, ఏడవలేదు, బతిమాలలేదు. కుర్చీ అంచున కూర్చుని ఒకటే సంగతి చెప్పింది.

"మా అక్క ఫోన్ చూసుకుంటూ దిగి జారిపడిందని రాసుకున్నారండీ. మా అక్కకి ఎడమకన్ను చిన్నప్పట్నుంచీ ఆనదు. మెట్లు కనబడితే చాలు, చేతిలో ఏమున్నా సంచిలో పడేసి రెయిలింగు పట్టుకుంటుంది. నలభై ఏడేళ్లు అలాగే దిగింది. ఆ ఒక్క రోజే మర్చిపోయిందంటే నేను నమ్మలేనండీ."

ఆ అక్క ఈ ఆఫీసులో వెబ్‌సైట్లను పరీక్షించే ఉద్యోగి. గీత వెంట్రుకవాసి జరిగినా పట్టుకుంటుందని తోటివాళ్లు ఆమెను స్కేలక్క అనేవారు. గురువారం మధ్యాహ్నం మూడో అంతస్తు నుంచి దొర్లి రెండో అంతస్తు దగ్గర పడింది. అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రిలో పోయింది. ఇవాళ మంగళవారం.

యజమానురాలు అద్దాల గదిలో కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. నాలుగైదు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు లోపలికి పోయాయి. అది బాధ వల్లా, భయం వల్లా అన్నది కళ్లను చూసి చెప్పలేమని డిటెక్టివ్‌కు అనుభవం.

"గురువారం సంగతి చెప్పండి మేడమ్."

"ఎన్నిసార్లు చెప్పమంటారండీ? ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను. ఆమె చెల్లెలికి చెప్పాను."

"నాకు చెప్పలేదు."

ఆమె నిట్టూర్చింది. "ఒంటిగంటా పదికి భోజనానికని కిందికి వెళ్లింది. నేను ఇదిగో, ఈ కుర్చీలోనే ఉన్నాను. ఒకటీ ఇరవైకి వాచ్‌మన్ ఫోన్ చేశాడు, మెట్ల మీద ఏదో పడ్డ చప్పుడైందని వెళ్తే ఈమె పడి ఉందట. పరిగెత్తాను. నేనే నా కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఒకటీ ముప్పై ఐదుకు లోపల చేర్చుకున్నారు."

"ఆ రోజు ఆమె చేతిలో ఉన్న పనేమిటి?"

"పిల్లల క్లినిక్ వాళ్ల సైటు. అలర్జీ మందు ఏ బరువు పిల్లలకి ఎంత పట్టాలో చెప్పే పట్టిక ఒకటుంటుంది అందులో. పది రోజుల కిందట ఎవరో తండ్రి క్లినిక్ మీద గొడవపడ్డాడు, సైటులో చూసి పట్టిస్తే పాప రోజంతా మత్తుగా పడుకుందని. దాంతో క్లినిక్ లాయరు మమ్మల్ని పరీక్ష రిపోర్టు అడిగాడు. స్కేలక్క పరీక్షించింది. అంతా సవ్యంగా ఉందని రిపోర్టు ఇచ్చింది. పంపాం. అంతే."

"రిపోర్టు ఎప్పుడిచ్చింది?"

"భోజనానికి వెళ్లబోయే ముందు."

"మీరు చూశారా?"

"నాకా పిక్సెళ్ల గోల అంతుపట్టదండీ. చివర్లో అన్నీ సరే అన్నట్టు పచ్చగా ఉన్నాయా లేదా, అదే నేను చూసేది. ఏ సైజులో ఏముందో నాకు తెలియదు."

డిటెక్టివ్ ఆ చివరి వాక్యాన్ని ఆమె అన్న మాటల్లోనే రాసుకున్నాడు. "ఆమె కూర్చునే చోటు చూడొచ్చా?" అని లేచాడు.

స్కేలక్క బల్ల కిటికీ పక్కన ఉంది. వెడల్పాటి మానిటరు, కీబోర్డు పక్కన కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ, చెక్కిన పెన్సిళ్లు మూడు. డిటెక్టివ్ సొరుగు లాగాడు. లోపల పాత ఫోన్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని వీపున ఒక్కో కాగితం ముక్క అంటించి, పెన్సిలుతో అంకె వేసి ఉంది: 360, 375, 390, 412. వరసలో మొట్టమొదటి చోటు ఖాళీ. అక్కడ చార్జింగు తీగ మాత్రం చుట్టి పెట్టి ఉంది. దాని చీటీ మీద 320 అని ఉంది.

"ఈ ఫోన్లెందుకు?"

వెనకాల నిలబడి చూస్తున్న ప్రోగ్రామరు రెండడుగులు ముందుకు వేశాడు. గుమ్మం తగలకుండా తల వంచే ఎత్తు మనిషి. ఆఫీసులో అందరూ అతన్ని పొడుగు అనే పిలుస్తారు. నలభై దాటిన ముఖంలో అయిదు రోజుల గడ్డం.

"ఎక్స్‌టెన్షన్ మీద అక్కకి పూర్తి నమ్మకం ఉండేది కాదండీ. అందులో కనబడేది ఫోన్ బొమ్మే కానీ ఫోన్ కాదు అనేది. ముందు దాంట్లో చూసి, మళ్లీ అసలు ఫోన్లలో చూసేది. ఆ అంకెలు స్క్రీను వెడల్పులు."

"నాకు అర్థమయ్యేలా చెప్పు. ఎక్స్‌టెన్షనంటే?"

"బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న సాధనం సార్. ఒకే పేజీ పెద్ద కంప్యూటర్లో ఒకలా, చిన్న ఫోన్లో ఒకలా సర్దుకోవాలి కదా. అది సరిగ్గా సర్దుకుంటోందో లేదో చూడాలంటే ప్రపంచంలో ఉన్న ఫోన్లన్నీ కొనలేం. ఇది నొక్కితే అన్ని సైజుల్లో ఎలా ఉంటుందో పక్కపక్కన చూపిస్తుంది. రిపోర్టు తీస్తుంది."

"నొక్కు."

పొడుగు కూర్చుని, మూలనున్న చిన్న బొమ్మ మీద నొక్కాడు. తెర నిండా చిన్నా పెద్దా చట్రాలు వచ్చాయి. ప్రతి చట్రంలోనూ అదే క్లినిక్ పేజీ, అదే మందు పట్టిక. డిటెక్టివ్ వాటి కింద ఉన్న అంకెలు చదివాడు. 360తో మొదలయ్యాయి.

"సొరుగులో 320 చీటీ ఉంది. ఇక్కడ 320 లేదేం?"

"అంత చిన్న ఫోన్లు ఇప్పుడెవరూ వాడరు సార్."

"గురువారం రిపోర్టు తియ్యి."

పాత రిపోర్టుల జాబితా వచ్చింది. 609 తర్వాత 611. డిటెక్టివ్ 610 ఏదని అడగలేదు. 611 తెరిపించాడు. పై వరసలో స్కేలక్క లాగిన్ పేరు. కింద ఏడు సైజులు, అన్నీ పచ్చగా. సమయం ఒకటీ నలభై రెండు.

"ఒంటిగంటా ఇరవై లోపలే పడిపోయిన మనిషి. ఒకటీ ముప్పై ఐదుకు ఆస్పత్రిలో చేర్చిన మనిషి. ఒకటీ నలభై రెండుకు ఇక్కడ కూర్చుని రిపోర్టు తీసిందా?"

"గడియారంలో తేడా ఉందేమో సార్."

"ఇప్పుడొకటి తియ్యి."

కొత్త రిపోర్టు మీద ఒకటీ రెండు అని పడింది. డిటెక్టివ్ తన వాచీ అతని ముందుకు చాపాడు. ఒకటీ రెండు. పొడుగు మెడ వెనక రాసుకున్నాడు.

"అడుగున ఈ అంకెలేమిటి?"

"రిపోర్టు ఏ స్క్రీను మీద తీశామో దాని కొలత. ముందు వెడల్పు, తర్వాత ఎత్తు."

ఇప్పుడు తీసిన దాని మీద 1920, 1080 అని ఉంది. గురువారం దాని మీద 1080, 1920. డిటెక్టివ్ రెండిటినీ వేలు పెట్టి మళ్లీ చదివాడు. ఆ తర్వాత తల తిప్పి గదంతా కలయజూశాడు. అయిదు బల్లలు, అయిదు మానిటర్లు. నాలుగు అడ్డంగా పడుకుని ఉన్నాయి. మూలనున్నది మాత్రం తలుపులా నిలువుగా నిలబెట్టి ఉంది.

"అదెవరి బల్ల?"

పొడుగు బల్ల మీద ఉన్న గుడ్డను మడతపెట్టి, మళ్లీ విప్పాడు.

"కోడ్ పొడుగ్గా ఉంటుంది సార్. నిలువుగా ఉంటే చదవడం తేలిక" అన్నాడు చివరికి. "అక్క నాతో ఎప్పుడూ ఒక్క మాట పరుషంగా అనలేదు. నేనే ఇలా చేశాను."

"ఎవరు చెయ్యమన్నారు?"

అతను జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. గురువారం, ఒకటీ ముప్పై ఎనిమిది, మేడమ్ అన్న పేరు, రెండు నిమిషాల కాల్.

"ఆస్పత్రి నుంచి చేశారు. అక్కకి దెబ్బ తగిలింది, భయం లేదు అన్నారు. రెండింటికల్లా లాయరుకి రిపోర్టు పోవాలి, ఆమె లాగిన్‌తో నువ్వే తియ్యి, పొద్దుట ఆమె తీసింది చెరిపెయ్ అన్నారు. మూడొందల ఇరవై ఒక్కటీ జాబితాలోంచి తీసేసి తియ్యమన్నారు."

"మూడొందల ఇరవై అన్నారా? ఆ అంకె ఆమె నోటితోనే చెప్పారా?"

"అవును సార్."

డిటెక్టివ్ తన పుస్తకంలో వెనక్కి తిప్పి, అంతకుముందు రాసుకున్న వాక్యం పక్కన చిన్న గీత గీశాడు. "ఆ సైజులో తప్పేమిటి?"

"ఎడమ వరసలో పాప బరువు, కుడి వరసలో మందు. రెండూ విడివిడి ముక్కలు. స్క్రీను మరీ ఇరుకైతే ఎడమ పక్క శీర్షిక రెండు లైన్లుగా విరుగుతుంది. దాంతో బరువులన్నీ ఒక మెట్టు కిందికి దిగుతాయి. మందు అంకెలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అయిదు కిలోల ఎదురుగా రెండున్నర మిల్లీలీటర్లు ఉండాలి. ఆ ఫోన్లో అయిదు కనిపిస్తుంది. అది పది కిలోల పిల్లలది." అతను ముఖం తుడుచుకున్నాడు. "అయిదుకి అయిదు. చూసినవాళ్లకి అనుమానం కూడా రాదు సార్. నాకే మనసొప్పక ఆ సాయంత్రం సరిచేశాను. ఇప్పుడు బానే ఉంది."

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్, వెనకాల ఒక కానిస్టేబులు. యజమానురాలు ఫోన్ చేసి ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు డిటెక్టివ్ చేతికింద ఎస్సైగా పనిచేసినవాడు. నాలుగంతస్తులు ఎక్కి అతనికీ ఆయాసంగానే ఉంది.

"గురువుగారూ, రిటైరయ్యాక మనుషులు ఇంట్లో కూర్చుంటారు."

"కూర్చున్నాను. విసుగొచ్చింది."

"నేను మూసేసిన ఫైలు మీరెందుకు తెరుస్తున్నారు? ఆ చెల్లెలికి లేనిపోని ఆశ పెట్టి ఏం సాధిస్తారు?"

డిటెక్టివ్ రిపోర్టు చూపించి, కాల్ చూపించి, తక్కువ మాటల్లో విషయం చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ నిలబడే విన్నాడు.

"సరే. రిపోర్టు మార్చారు. అది మోసం, దానికి వేరే కేసు రాస్తాను. మనిషి జారిపడటానికీ దీనికీ ముడేమిటి? పడ్డదాన్ని అదనుగా తీసుకున్నారు, అంతవరకే. ఉన్నదాన్ని చూడు, లేనిదాన్ని ఊహించకు అని నాకు నేర్పింది మీరే."

"ఉన్నదాన్నే చూద్దాం. అక్కడ దొరికిన వస్తువుల జాబితా తెచ్చావా?"

"వస్తువులే తెచ్చాను. ఇవాళ ఆ చెల్లెలికి అప్పగించాలి." ఇన్‌స్పెక్టర్ విసుగ్గా ఫైలు తెరిచి చదివాడు. "చేతిసంచి ఒకటి, ఆమె పడ్డ చోట. అందులో భోజనం డబ్బా, పర్సు, ఇంటి తాళం, ఫోన్."

"ఫోన్ సంచిలో ఉందా?"

"ఉంది."

"మరి ఫోన్ చూస్తూ దిగిందని ఎలా రాశావు?"

"రెండో ఫోన్ ఉంది కదా. పాత ఫోన్ ఒకటి, మూడో అంతస్తు మలుపులో, కిటికీ గట్టు మీద..." చదువుతూ చదువుతూ అతను ఆగిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి ఒక ఫొటో బయటికి లాగాడు. గట్టు మీద చిన్న ఫోన్, అద్దం పైకి పెట్టి ఉంది. ఎక్కడా పగల్లేదు.

"చేతిలో ఫోన్ పట్టుకుని జారిన మనిషి, దాన్ని నెమ్మదిగా గట్టు మీద పెట్టి జారదు" అన్నాడు డిటెక్టివ్. "పోనీ గట్టు మీద ముందే పెట్టిందంటావా, తను మెట్లు దిగిపోతూ దాన్నక్కడ వదిలి వెళ్లదు. సొరుగులో లేని 320 ఫోన్ అదే, అందులోనే ఉంది ఆమె సాక్ష్యం. ఆ మలుపులో ఆగి ఎవరికో చూపించింది. చూసిన మనిషి దాన్ని చేతిలోకి తీసుకున్నారు. తర్వాత ఆ చేతులు వేరే పనికి కావలసి వచ్చి, పక్కన పెట్టారు. అద్దం మీద వేలిముద్రలు ఎవరివో చూడు. కుర్చీలోంచి కదల్లేదన్న మనిషివి అయితే, నువ్వు నీ ఫైలు తెరవాలి."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ రోజు నాకది మూడో చావు గురువుగారూ. పొద్దున్నే రోడ్డు మీద ఇద్దరు. గట్టు మీద అని నేనే చెప్పి రాయించాను. చెప్తూ కూడా వినలేదు."

"నేనూ అలా రాయించిన రోజులున్నాయి" అన్నాడు డిటెక్టివ్.

కానిస్టేబులు యజమానురాలి గది బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అద్దంలోంచి ఆమె అతన్ని చూసింది. చూపు మరల్చి బల్ల మీది కాగితాలు సర్దసాగింది. సర్దినవే మళ్లీ సర్దింది.

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవరులో ఉన్న చిన్న ఫోన్‌ని బల్ల మీద పెట్టాడు. "దీన్ని ఇప్పుడే ల్యాబుకు పంపుతాను."

"పంపు. ఆమె ఏం చూపించిందో ముందు చూద్దాం. కవరు విప్పొద్దు. తీగ పట్టేంత సందు చాలు."

సొరుగులోంచి 320 చీటీ ఉన్న తీగ తీసి పొడుగు తగిలించాడు. చాలాసేపటికి తెర వెలిగింది. పరీక్ష ఫోన్లకు తాళం పెట్టరట. అది ఆఫీసు వైఫైని తనంతట తనే అందుకుంది. స్కేలక్క చివరిసారి తెరిచి ఉంచిన పేజీ కొత్తగా వచ్చి నిలబడింది. పైన క్లినిక్ పేరు, దాని కింద ఇవాళ్టి తేదీ, మంగళవారం. కింద పట్టిక.

అయిదు కిలోలు. ఎదురుగా అయిదు మిల్లీలీటర్లు.

"ఇది గురువారం నాటి పేజీయా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాదు సార్. ఇప్పటిదే." పొడుగు పైనున్న తేదీ చూపించాడు. "నేను సరిచేశాను. ఒట్టు. సరిచేసి ఎక్స్‌టెన్షన్లో అన్ని సైజుల్లోనూ చూశాను. అన్నీ పచ్చగా వచ్చాయి."

"అన్ని సైజుల్లోనా?"

పొడుగు తెర మీది సైజుల జాబితా మళ్లీ చూశాడు. చూడాల్సిన ఒక్క సైజునూ ఆ మధ్యాహ్నమే జాబితాలోంచి తన చేత్తో తీసేశాడు. తీసేసిన జాబితాతోనే పరీక్షించుకుని, అంతా బాగుందని ఇంటికి వెళ్లి పడుకున్నాడు.

"ఇప్పుడు ఆ పేజీ ఎవరైనా చూస్తున్నారా?" అన్నాడు డిటెక్టివ్.

నిలువు మానిటరు దగ్గరికి పొడుగు దాదాపు పరిగెత్తాడు. "ఇప్పుడు పద్దెనిమిది మంది. ఆ వెడల్పులో... ఒకళ్లు ఉన్నారు. నాలుగు నిమిషాలుగా."

"పేజీ తీసెయ్. మొత్తం తీసెయ్. క్లినిక్ ఫోన్ నంబరు ఒకటి తప్ప ఏదీ కనబడకూడదు."

అతను ఆ పని చేసేలోగా డిటెక్టివ్ క్లినిక్‌కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. ఎత్తింది నర్సు. ఆయన ఎవరో, విషయమేమిటో నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"నర్సమ్మా, మీ పేజీ ఇప్పుడే ఆపేశాం. అది రావడం లేదని ఎవరు ఫోన్ చేసినా పెట్టెయ్యనివ్వొద్దు. బిడ్డ బరువెంతో, ఎంత మందు పట్టారో అడగండి."

"ఉండండి సార్, ఇంకో ఫోన్ మోగుతోంది."

ముగ్గురూ స్పీకరు పెట్టిన ఫోన్ వైపే చూస్తూ నిలబడ్డారు. అటుపక్క నర్సు గొంతు దూరంగా, ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు.

"సార్, ఒకావిడ." నర్సు మళ్లీ దగ్గరికొచ్చింది. మాటల్లో తొందర. "పట్టిక చూస్తుంటే మాయమైపోయిందేమిటి అంటున్నారు. అయిదు కిలోల బాబట. రెండో మోతాదు పట్టబోతుంటే ఆగిపోయారట."

"మొదటిది ఎప్పుడు పట్టారు?"

"పొద్దున ఆరింటికి. అయిదు మిల్లీలీటర్లు. అప్పట్నుంచీ పడుకునే ఉన్నాడట సార్. పాలకి కూడా లేవలేదంటున్నారు."

"ఆవిడ ఇల్లెక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నర్సు చెప్పింది. అతను కాగితం మీద రాసుకోలేదు. మీ డాక్టరుగారిని సిద్ధంగా ఉండమనండి, నా బండిలో తీసుకొస్తాను అని ఫోన్ వైపు అరిచి, గుమ్మం దాటేశాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు రెండేసి మెట్ల చొప్పున దిగిపోయింది. డిటెక్టివ్ రెండడుగులు వేసి, మోకాలు పట్టుకుని ఆగాడు.

కింద బండి కదిలిన చప్పుడు సన్నగా వినబడింది.

"సార్." పొడుగు మానిటరు ముందు నుంచి కదల్లేదు. "ఆ ఒక్కరే కాదు సార్. గురువారం నుంచి ఆ వెడల్పులో ఈ పేజీ తెరిచినవాళ్లు..." అతను మళ్లీ లెక్కచూసుకున్నాడు. "అరవై ఒక్క మంది."

"ఎవరెవరో తెలుస్తుందా?"

"తెలియదు సార్. సైజు తెలుస్తుంది, అంతే."

డిటెక్టివ్ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. చెక్కిన పెన్సిల్ ఒకటి తీసుకుని, తన పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

"నర్సమ్మా, లైన్లోనే ఉన్నారా? ఆ మందు రాసిన పిల్లల రిజిస్టరు తీయండి. అందరికంటే చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టండి. ఇంటి ఫోన్ నంబర్లు ఒక్కొక్కటే చదవండి, నేను రాసుకుంటాను."

పొడుగు తన కుర్చీ లాక్కొచ్చి ఆయన పక్కన వేసుకున్నాడు. నర్సు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత మొదటి నంబరు చదివింది.